తీర్పు చదవడం బడిలోనే మొదలుపెడదాం

పన్నెండో తరగతి అయ్యాక లా చదువుతానని పిల్లలు అంటే మన ఇళ్లలో వినిపించే మొదటి మాట ఒకటే: ‘తెలుగు బడిలో చదివి, కోర్టులో ఇంగ్లిష్‌లో ఏం వాదిస్తారు?’ హోసూరు, బళ్లారి, బరంపురం, షోలాపూర్... ఎక్కడైనా ఈ భయం సహజమే. సుప్రీంకోర్టులో వ్యవహారమంతా ఇంగ్లిష్‌లోనే. జాతీయ లా యూనివర్సిటీల ప్రవేశ పరీక్ష క్లాట్ కూడా అంతే. అయితే లా విద్యార్థికి భాషతో పాటు మరో నేర్పు కూడా కావాలి. అది తీర్పును విడదీసి చదవడం. దాన్ని నేర్చుకోవడానికి తెలుగు చాలు, తొమ్మిదో తరగతి వయసు చాలు.

నాలుగు ప్రశ్నలు

లా కాలేజీల్లో కేస్ అనాలిసిస్ అనేది నాలుగు ప్రశ్నలతో మొదలవుతుంది. ఏం జరిగింది? కోర్టు తేల్చాల్సిన ప్రశ్న ఏమిటి? వర్తించే చట్టం ఏది? ఆ చట్టాన్ని ఈ సంగతులకు అన్వయించి కోర్టు ఏం తేల్చింది, ఎందుకు?

మన బడులకు దగ్గరి కేసే తీసుకుందాం. 2004లో సుప్రీంకోర్టు తేల్చిన ఉషా మెహతా కేసు అది. మహారాష్ట్రలో గుజరాతీ మైనారిటీల బడుల్లోనూ మరాఠీ తప్పనిసరి అని ప్రభుత్వం అంది. మా బడిని మేమే నడుపుకొనే హక్కును రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చింది కదా అని యాజమాన్యాలు కోర్టుకు వెళ్లాయి. ఆ హక్కులో రాష్ట్ర భాషను వద్దనే హక్కు కూడా ఉందా? ఇదీ ప్రశ్న. లేదని కోర్టు తేల్చింది. సొంత భాషను కాపాడుకోవడం వేరు, ఉంటున్న రాష్ట్రపు భాషను కాదనడం వేరు అన్నది అందులోని తర్కం.

ఇక్కడే అసలు చదువు మొదలవుతుంది. ఆ తీర్పు ఏం చెప్పలేదో కూడా చూడాలి. రాష్ట్ర భాష నేర్పాలంది గానీ, మైనారిటీ భాషను మాన్పించవచ్చని అనలేదు. ‘కోర్టే చెప్పింది’ అని ఎవరైనా మన బడి కమిటీ ముందు అన్నప్పుడు, ఎంతవరకు చెప్పిందో చదివి చూపగల మనిషి మన మధ్య ఉండాలి. లేకపోతే తీర్పు మన గురించే అయినా దాని అర్థం ఇతరులు చెప్పిందే అవుతుంది.

ఒక్క మాటలో ఎంత తేడా

ఒక్క మాట బరువెంతో పట్టుకోవడమూ న్యాయ రచనలో ముఖ్యమే. 30వ అధికరణం మైనారిటీలకు బడి పెట్టుకొనే, నడుపుకొనే ‘హక్కు’ ఇస్తుంది. 1956లో చేర్చిన 350-ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు సౌకర్యాలు కల్పించే ‘ప్రయత్నం’ చేయమని రాష్ట్రాలకు చెబుతుంది. టీచరు పోస్టు కోసం అర్జీ రాసేవారికి ఈ తేడా తెలిస్తే ఏది గట్టిగా అడగాలో, ఏది ఎలా అడగాలో తెలుస్తుంది.

టి.ఎం.ఎ. పాయ్ ఫౌండేషన్ కేసు మరో పాఠం. 2002లో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఇది. మైనారిటీ ఎవరన్నది రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించాలని అందులో తేల్చారు. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అధికసంఖ్యాకులైన తెలుగువారు కర్ణాటకలో, ఒడిశాలో భాషా మైనారిటీలు. న్యాయమూర్తుల్లో కొందరు విడిగానూ రాశారు. అందరి మాటల్లో మెజారిటీ మాట ఏదో విడదీయడమే విద్యార్థికి పరీక్ష.

రెండు వైపులా వాదించాలి

మూట్ కోర్టు అంటే ఊహించిన కేసుపై విద్యార్థులు చేసే వాదన. ముందు రాతపూర్వక వాదన తయారుచేయాలి, తర్వాత న్యాయమూర్తుల స్థానంలో కూర్చున్నవారి ముందు నిలబడి మాట్లాడాలి. వారు మధ్యలోనే ఆపి ప్రశ్నిస్తారు. కంఠస్థం చేసిన ఉపన్యాసం అక్కడ నిలవదు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లో ఏడాదిలో మూడు మూట్ కోర్టులు, ఒక్కోదానికి 10 మార్కులు పెట్టారు. అందులో రాతకు 5, వాదనకు 5. రాతకూ నోటికీ సమాన విలువ అన్నమాట.

దీన్నే మన బడిలో నెలకోసారి చేయవచ్చు. ఉషా మెహతా కేసులోని సంగతులే ఇచ్చి, తీర్పు చెప్పకుండా తరగతిని రెండు పక్షాలు చేయండి. ఒక్కో పక్షం ఒక పేజీ తెలుగులో రాయాలి, అయిదు నిమిషాలు మాట్లాడాలి. టీచరు ప్రశ్నలు వేయాలి. తర్వాత పక్షాలు మార్చండి. ఎదుటివారి బలమైన మాటను తానే చెప్పాల్సి వస్తే పిల్లవాడికి తన వాదనలో డొల్ల కనిపిస్తుంది. చివరికి తీర్పు చెప్పి, అదే పేజీని రాష్ట్ర భాషలో, తర్వాత ఇంగ్లిష్‌లో రాయించండి.

మూడు భాషలు బరువనుకోకండి. కక్షిదారు తన గోడు తెలుగులో చెబుతాడు. కింది కోర్టులో సాక్ష్యం కన్నడంలోనో తమిళంలోనో ఒడియాలోనో మరాఠీలోనో నడుస్తుంది. హైకోర్టుకు వెళితే ఇంగ్లిష్ కావాలి. యానాం వారికి ఆ హైకోర్టు చెన్నైలో ఉంది. ఈ మూడు చోట్లా మాట్లాడగల లాయరు మన బడుల నుంచే రాగలడు.

సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైట్‌లో తెలుగులో ఉచితంగా దొరుకుతున్నాయి. చిన్న తీర్పు ఒకటి ఎంచి, ఈ నెలలోనే నాలుగు ప్రశ్నలతో మొదలుపెట్టమని ఉపాధ్యాయులను కోరుతున్నాం. పిల్లలు రాసిన పేజీని ఇంట్లో చదివించుకొని వినమని తల్లిదండ్రులకు మా మనవి.