ట్యూబా, ఐసీయా? – తాతయ్య రికార్డుల కోసం ఒక ప్రయోగం

పోర్టులో పనిచేసి రిటైరైన మా తాతయ్య పోయాక, పెదవాల్తేరు ఇంట్లో ఒక ట్రంకుపెట్టె నిండా ఎల్పీ రికార్డులు మిగిలాయి. నాన్నమ్మ అడిగింది ఒక్కటే, ఘంటసాల గారి భగవద్గీత. "నా చెవులు పనిచేస్తున్నప్పుడే ఒక్కసారి వినిపించరా" అంది. టర్న్‌టేబుల్ తిరుగుతోంది, కొత్త సూదీ దొరికింది. పాత యాంప్లిఫయరే చచ్చిపోయింది. కొత్త స్పీకర్లకు నేరుగా తగిలిస్తే దోమ పాడినట్టు వినిపించింది. మధ్యలో ఫోనో ప్రీయాంప్ కావాలి. ట్యూబ్‌ది కొనాలా, ఐసీది కొనాలా? ఇంటర్న్‌షిప్ డబ్బులు ఒక్కదానికే సరిపోతాయి.

ఆ డబ్బా చేసే పని

మామూలు మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జ్ ఇచ్చే సిగ్నల్ 5 మిల్లీవోల్టుల దగ్గర ఉంటుంది. దాన్ని సుమారు 100 రెట్లు, అంటే 40 డెసిబెల్స్ పెంచాలి. ఇది మొదటి పని.

రెండోది ఈక్వలైజేషన్. బేస్‌ను ఉన్నదున్నట్టు చెక్కితే గాడి పక్క గాడిలోకి దూసుకుపోతుంది. అందుకే రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గిస్తారు, ట్రెబుల్ పెంచుతారు. వినేటప్పుడు దాన్ని తిరగెయ్యాలి. 1954 నుంచి స్థిరపడిన ఆర్‌ఐఏఏ కర్వ్ ఇదే. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఈ కర్వ్ 1 కిలోహెర్ట్జ్‌తో పోలిస్తే 50 హెర్ట్జ్‌ను 17 డెసిబెల్స్, అంటే మరో 7 రెట్లు ఎక్కువ పెంచుతుంది. మన ఇళ్ళలో కరెంటు 50 హెర్ట్జే కదా! లోపలికి చిటికెడు హమ్ దూరితే బయటికి గంపెడు వస్తుంది.

ట్యూబ్ మోజు

నేను ముందు ట్యూబే కొన్నాను, సెకండ్‌హ్యాండ్ బోర్డు. చీకట్లో 12ఏఎక్స్7 ట్యూబులు నారింజరంగులో వెలుగుతుంటే భలే ఉంటుంది! ట్యూబ్ ధ్వని తియ్యగా ఉంటుందనడానికీ ఒక కారణం చెబుతారు. అది ఎక్కువగా రెండో హార్మోనిక్ కలుపుతుంది. సంగీతం భాషలో, షడ్జమానికి పై షడ్జమం తోడైనట్టు. అందుకే చెవికి అపశ్రుతిలా తగలదు. కానీ 5 మిల్లీవోల్టుల దగ్గర, మంచి డిజైన్‌లో ఆ కలయిక చాలా స్వల్పం.

నా బోర్డులో హీటర్లకు నేరుగా ఏసీ ఇచ్చారు. రికార్డు పెట్టగానే నాన్నమ్మ, "ఏటిరా, లోపల పిండిమర తిరుగుతోందా?" అంది. ఎర్త్ వైర్ సరిచేస్తే సగం తగ్గింది, మిగతా సగం పోలేదు. పైగా లోపల 250 వోల్టులు. స్విచ్ ఆపినా కెపాసిటర్లలో నిలిచే ఉంటాయి. చెయ్యి పెట్టడం ఆటకాదు.

ఐసీ దారి

బోర్డు అమ్మేసి, ల్యాబ్‌లో ఎన్ఈ5532 ఆప్‌యాంప్‌తో ఒకటి చేశాను. 1 శాతం రెసిస్టర్లు వాడి, కెపాసిటర్లను ఎల్‌సీఆర్ మీటర్‌తో కొలిచి జతలు కలిపాను. ఆ విలువలు తేడా వస్తే కర్వ్ తప్పుతుంది. "వెచ్చటి", "పొడి" ధ్వనులంటూ మనం చేసుకునే వాదనల్లో కొన్ని నిజానికి ఈ తేడాలే.

తర్వాత ఒక సీనియర్ దగ్గరున్న మంచి ట్యూబ్ ప్రీయాంప్‌తో పోల్చాను. దానికి హీటర్లు డీసీ మీద నడుస్తాయి, హమ్ లేదు. వాల్యూమ్ సమానం చేసి, నేను కళ్ళు మూసుకుంటే ఫ్రెండ్ మార్చి మార్చి వినిపించాడు. ఆరింటిలో మూడే సరిగ్గా చెప్పాను. బొమ్మాబొరుసు వేసినా అంతే!

మరి ఏది కొనాలి?

బడ్జెట్ తక్కువైతే ఐసీదే. అదే డబ్బుకు తక్కువ రొద, సరైన కర్వ్ వస్తాయి. మార్చాల్సిన ట్యూబులు ఉండవు, ఉప్పుగాలికి తుప్పుపట్టే సాకెట్లూ ఉండవు. మూవింగ్ కాయిల్ కార్ట్రిడ్జ్ అయితే 1000 రెట్లు పెంచాలి కాబట్టి తక్కువ రొద ఇంకా ముఖ్యం. డబ్బుండి, ట్యూబులు మార్చి చూసే సరదా ఉంటే డీసీ హీటర్లున్న ట్యూబ్‌ది నిశ్చింతగా కొనండి. ఏది కొన్నా ముందు సూది, ఎర్త్ వైర్ చూసుకోండి.

ఆదివారం పొద్దున్న నాన్నమ్మకు రికార్డు పెట్టాను. హమ్ లేదు. కాసేపటికి ఒకచోట టక్కుమంది. నేను కంగారుగా లేచాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"ఉండనీరా. మీ తాత చెయ్యి జారి గీత పడిన చోటది."