లోతులేని నీటికి చదునడుగు పడవ

బస్తర్ అరణ్యసీమకు నైరుతి దిక్కున, బీజాపూర్ నుండి భోపాలపట్నం వెళ్ళే రహదారిపై మద్దేడ్ గ్రామం ఉన్నది. గోండి, దోర్లి, హల్బీ, హిందీ భాషలతోపాటు తెలుగు కూడా వినవచ్చే ప్రాంతమిది. ఇక్కడి చింతవాగు పేరే అందుకు సాక్ష్యం. తిమేడ్ వద్ద ఇంద్రావతిపైన, ఏటూరునాగారం సమీపాన ముల్లకట్ట వద్ద గోదావరిపైన వంతెనలు ఏర్పడిన తరువాత ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ రాష్ట్రాల మధ్య రాకపోకలు సుగమమైనవి. అయితే వంతెనకు దూరంగా, నది ఆవలి ఒడ్డున ఉన్న పల్లెల మాట వేరు. రేషను బియ్యం రావలెనన్నా, పురిటి నొప్పులతో ఉన్న స్త్రీ ఆసుపత్రికి చేరవలెనన్నా పడవే దారి. కనుక ఎటువంటి పడవను ఎన్నుకోవాలన్నది ఆ ప్రజలకు ప్రాణంతో ముడిపడిన విషయం.

పడవను ఎన్నుకొనేముందు నదిని తెలుసుకోవాలి. ఒడిశాలోని కలహండి కొండలలో పుట్టిన ఇంద్రావతి సుమారు 535 కిలోమీటర్లు ప్రవహించి, భద్రకాళి గ్రామం వద్ద గోదావరిలో కలుస్తున్నది. వర్షకాలంలో గట్లు ఒరసి పారే ఈ నది వేసవి నాటికి ఇసుక తిన్నెల మధ్య, బండల మధ్య పాయలుగా చీలిపోతుంది. ఒకచోట నిలువెత్తు మడుగు, నాలుగు బారల అవతల మోకాలి లోతు నీరు.

ఈ నదుల స్వభావాన్ని మార్చబోయిన ప్రయత్నం ఒకటి చరిత్రలో ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్టను నిర్మించిన ఆర్థర్ కాటన్, గోదావరిని మధ్య భారతానికి జలమార్గంగా చేయవచ్చునని వాదించాడు. దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి వద్ద నదికి అడ్డుగా ఉన్న రాతిపట్లను దాటించేందుకు ఆనకట్టలు, కాలువలు, లాకులు తలపెట్టారు. చాలా ధనం వ్యయమైన పిమ్మట 1871లో ఆ పథకాన్ని విరమించారు. పెద్ద నావకు లొంగని ఆ నీటిపై చిన్న దోనెలు మాత్రం అంతకు ముందువలెనే తిరుగుతూ వచ్చాయి.

దీని వెనుక ఉన్న సూత్రం ఆర్కిమెడీస్ చెప్పినదే. పడవ తన మొత్తం బరువుకు సమానమైన నీటిని తొలగించి తేలుతుంది. నాలుగు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు కలిగి, కొనలు కాస్త సన్నబడిన చదునడుగు పడవ నీటిపై సుమారు మూడు చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. అది ఒక సెంటీమీటరు దిగితే ముప్పది కిలోల బరువును మోస్తుంది. పడవ బరువు 120 కిలోలు, నలుగురు మనుషులు 240 కిలోలు అనుకొంటే మునక 12 సెంటీమీటర్లు మాత్రమే. అదే పొడవులో సగం వెడల్పు గల గుండ్రని అడుగు దోనె అంతే బరువుకు కనీసం 24 సెంటీమీటర్లు దిగుతుంది. పిక్కలలోతు నీటిలో ఒకటి జారిపోతుంది, మరొకటి ఇసుకలో దిగబడుతుంది.

వెడల్పు వలన మరొక లాభం ఉన్నది. పొడవు మారకుండా వెడల్పు రెట్టింపైతే, ఒరుగుడును మొదట అడ్డుకొనే బలం దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే సరంగు నిలబడి వెదురు గడతో నేలను తన్ని పడవను నడపగలడు. లోతులేని నీటిలో తెడ్డుకన్న గడ మేలు.

అంతమాత్రాన చదునడుగును దోషరహితమని పొగడరాదు. అలలలో అది దబదబ కొట్టుకొంటుంది. ఎదురుగాలికి పక్కకు జారుతుంది. కొంతవరకు స్థిరంగా కనిపించి, అంచు నీటిని తాకగానే ఒక్కసారిగా నిండిపోతుంది. బండకు అడ్డంగా తగిలినప్పుడు ప్రవాహం ఎగువ అంచును కిందికి నొక్కుతుంది. అప్పుడు భయంతో బండకు దూరంగా ఒరగడం సహజం, కాని అదే ప్రమాదం. బరువంతా బండవైపే మోపాలి.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. కొల్లేటిలో తాటిమాను దోనె, కృష్ణలో వెదురు పుట్టి, నరసాపురం–సఖినేటిపల్లి రేవులో వాహనాలను దాటించే పంటు ఒక్కొక్క నీటికి ఒక్కొక్క సమాధానం. ఒంటి దోనె పొర్లుతుందని రెండింటిని జతకట్టి సంగడి చేశారు. క్రీస్తుశకం తొలి శతాబ్ది నాటి గ్రీకు నావికుని గ్రంథం ‘పెరిప్లస్’ తూర్పుతీరపు ‘సంగర’ నావలను పేర్కొన్నది. అవీ మానులను జతకట్టినవే. చైనాలోని సాంపాన్ పేరుకు మూడు పలకలని అర్థం.

ఇక ఎన్నిక. దోనెకు మహావృక్షం ఒకటి కూలాలి. నేడది అడవికి భారం, చట్టానికీ సమ్మతం కాదు. టేకు పలకల పడవ బాగు చేసుకొనడానికి సులువు, నిండినా తేలుతుంది. కాని ఎండలో వదిలితే అతుకులు విచ్చుకొంటాయి. గుగ్గిలం, నూనె కలిపి సందులు పూడ్చి, వాడేముందు నీట నాననివ్వాలి. ఇనుపరేకు పడవ బండ దెబ్బకు సొట్టపడి ఊరుకొంటుంది గాని తుప్పుపడుతుంది, నిండితే మునుగుతుంది. దానికి కూర్చునే బల్లల కింద గాలిపెట్టెలు బిగించడం తప్పనిసరి. ఫైబరు పడవ తేలిక. రాతి రాపిడికి మాత్రం త్వరగా అరుగుతుంది. దేనితో చేసినా ముందు వెనుకల కొనలు పైకి లేచి ఉండాలి. అడుగున పొడవునా రెండు మూడు కర్రపట్టీలు ఉండాలి. ఆ పట్టీలు రాపిడిని భరిస్తాయి, పడవను తిన్నగానూ నడిపిస్తాయి. నలుగురు మోసి ఇసుక తిన్నె దాటించలేని పడవ ఈ నదులకు పనికిరాదు.

అన్నిటికన్న ముఖ్యం పక్కపలకపై గీసే రంగుగీత. పైన చెప్పిన పడవకు పక్కల ఎత్తు 40 సెంటీమీటర్లయితే, పావు మీటరు అంచు నీటిపై మిగిలేటట్లు, అడుగునుండి 15 సెంటీమీటర్ల ఎత్తున గీత గీయాలి. సరంగుతో కలిపి ఐదుగురు, ఒక చిన్న మూట – అంతటితో గీత నీటిని తాకుతుంది. ఆరవవాడు తరువాతి దఫాకు ఆగవలసినదే. ఇక గోదావరి వరద ఇంద్రావతిని వెనుకకు నెట్టే రోజులు వేరు. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూపిన గోదావరిపై ఏ గీతా పనిచేయదు. అటువంటి రోజులలో చిన్న పడవను గట్టుమీదికి లాగి చెట్టుకు కట్టివేయాలి.