కాళ్లు బాగుంటే పురుగు లేనట్టేనా?

బోదకాలు మాత్రలు పంచేటప్పుడు ఆశా కార్యకర్తలకు గుమ్మం గుమ్మానా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "నా కాళ్లు శుభ్రంగా ఉన్నాయిగా, నాకెందుకమ్మా?"

అసలు సంగతి చాలావరకు తలకిందులు. బోదకాలుకు కారణమయ్యే, క్యూలెక్స్ దోమ మోసుకొచ్చే ఫైలేరియా పురుగులు లింఫ్ నాళాల్లో చేరి ఐదారేళ్లు కాపురం చేస్తాయి. వాటి లక్షలాది పిల్లలు రాత్రి 10 నుంచి 2 గంటల మధ్య రక్తంలో జోరుగా తిరుగుతాయి. రక్త నమూనాలకు సిబ్బంది రాత్రిపూట రావడం అందుకే. ఇన్ని పురుగులున్న మనిషి చాలాసార్లు నిక్షేపంలా ఉంటాడు. పురుగు రోగనిరోధక వ్యవస్థను జోకొట్టేస్తుంది మరి! దాడికి కళ్లెం వేసే టి కణాలనూ, ఐఎల్-10 అనే రసాయనాన్నీ పెంచుతుంది. అటు కాలు బాగా లావెక్కినవారి రక్తంలో తరచూ పురుగు పిల్లల జాడే ఉండదు. పక్కన కూర్చుంటే అంటుకుంటుందని జనం దూరంగా జరిగి కూర్చునేది మాత్రం వీళ్ల నుంచే. దోమకు పురుగుల్ని అందించేది ఎక్కువగా కాళ్లు బాగున్నవాళ్లే.

"మాత్ర వేసుకుంటే జ్వరమొచ్చింది, మందు పడలేదు" అనేది ఇంకో మాట. ఆ మాత్రల్లోని డీఈసీ అనే మందు మింగాక పురుగు పిల్లలు చస్తాయి. వాటి ఒంట్లోని పదార్థాలతోపాటు, పురుగుల్లోనే బతికే వోల్బాకియా బ్యాక్టీరియా కూడా బయటపడుతుంది. అప్పటిదాకా ఊరుకున్న శరీరం ఒక్కసారిగా స్పందిస్తుంది. ఆ జ్వరం, తలనొప్పి సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటాయి. పురుగులు ఎక్కువున్నవారికే ఈ బాధా ఎక్కువ. అంటే మందు అవసరం ఎక్కువగా ఉన్నదీ వాళ్లకే. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడ్డవారికి ఈ మాత్రలివ్వరు.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో వెలుగులోకి తెచ్చిన మందే ఈ డీఈసీ. అప్పటి పేరు హెట్రజాన్. విచిత్రమేమిటంటే, గాజు గొట్టంలో ఇది పురుగు పిల్లల్ని పెద్దగా ఏమీ చేయలేదు. మన తెల్లకణాలు తోడుంటేనే దాని ప్రతాపం.

ఇక ఇస్నోఫీలియా, అంటే రక్తంలో ఇసినోఫిల్ అనే తెల్లకణాలు పెరగడం. చాలామంది అదే ఒక జబ్బనుకుంటారు. మింగడానికి వీల్లేనంత పెద్ద పురుగు ఎదురైతే ఇసినోఫిల్ కణాలు దాన్ని అంటిపెట్టుకుని విషపు రేణువులు కుమ్మరిస్తాయి. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో ఇవి 500 దాటవు. పెరిగాయంటే కారణం వెతకాలి: అలర్జీ కావచ్చు, పురుగులు కావచ్చు. ఫైలేరియా సోకిన కొద్దిమందిలో ఈ దాడి మితిమీరి, లెక్క 3,000 దాటుతుంది. పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లోనే చస్తాయి కాబట్టి రక్తంలో దొరకవు. రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు మాత్రం మిగులుతాయి. ఆస్తమా అనుకుని నెలల తరబడి మందులు వాడినా లొంగని ఆ దగ్గు, డాక్టరు సలహాతో మూడు వారాలు డీఈసీ వాడితే చాలామందిలో తగ్గుతుంది.