బండలోని పగులు – బోరులోని నీరు

మార్టూరు, బల్లికురవ ప్రాంతములలో కాలువ నీరందని మెట్టచేలకు బోరే దిక్కు. ఒక చేనిలో రెండంగుళముల నీరు పడగా, ఇరువది గజముల దూరమున పొరుగుచేనిలో తెల్లని రాతిపొడియే లేచుట రైతులెల్లరు నెఱిగినదే. అదృష్టమని కొందఱు, కొబ్బరికాయ పట్టి జాడ చూచినవాని పొరపాటని కొందఱు చెప్పుకొందురు. కారణము బండలోనే యున్నది.

గట్టి గ్రానైటు బండ నీటిని పీల్చుకొనదు. నీరు నడచునది దాని పగుళ్లలోనే. పగులెట్టిదో చూడగోరువారు బల్లికురవ క్వారీలో విఱిగిన బండ ముఖమును చూడవలెను. మార్టూరులో మెఱుగుపెట్టిన పలకవలె అది నున్నగా నుండదు, అంతయు మిట్టపల్లములు. అట్టి రెండు ముఖములు ఎదురెదురుగ నున్నప్పుడు కొన్నిచోట్ల మిట్టకు మిట్ట తగిలి దారి మూసికొనును. కొన్నిచోట్ల సందు మిగులును. వాగునీరు రాళ్లనడుమ దారి వెదకుకొన్నట్లు, ఇచటి నీరును వెడల్పైన సందులనే పట్టి పోవును. కావున బోరు పగులునకే తగిలినను, మూసికొన్నచోట తగిలినచో చుక్క రాదు.

ఇచట నొక లెక్క గలదు. ఒత్తిడి సమానముగ నున్నప్పుడు, సందు రెండింతలైనచో నీరు రెండింతలు గాదు, ఎనిమిదింతలు పాఱును, మూడింతలైనచో ఇరువదియేడింతలు. ఒక మిల్లీమీటరు పగులొక్కటి, దానిలో పదియవవంతు సందు గల వేయి పగుళ్లకు సమానము. 1980లో విదర్‌స్పూన్ మొదలగు శాస్త్రజ్ఞులు గ్రానైటు, బసాల్టు, చలువరాళ్ల పగుళ్లలో నీటిని పాఱించి ఈ లెక్క సరియేనని చూపిరి. గరుకువలన మాత్రము, లెక్కకు వచ్చిన నీటిని 1.04 మొదలు 1.65 వఱకు గల అంకెతో భాగింపవలసి వచ్చినది.

లోతునకు పోయినకొలది పైబండ బరువునకు సందు సాధారణముగ నొక్కుకొనును. సగము మూసికొన్నచో నీరు ఎనిమిదవవంతే. దీనిని తలపోయక మేమును ఒకప్పుడొక సభ్యునితో, “ఇంక నూఱడుగులు దింపించుడు, పడును” అని పలికితిమి. పడినది పొడి, పెరిగినది అప్పు. ఆయన మమ్మేమియు ననలేదు గాని, ఆ యేటి మిరపకోతలు ముగియువఱకు ఆ చేని ప్రక్కగా పోవుటకు మాకు మొగము చెల్లలేదు.

పెద్దమోటారు పెట్టుటయు నట్టిదే. గరుకు సందులో నీరు తొందరపడినకొలది అడ్డు మఱింత పెరుగును. ఐదు గుఱ్ఱముల మోటారు తీసి పది గుఱ్ఱములది దింపినంతమాత్రమున నీరు ఇబ్బడి కాదు. బోరులో మట్టము మాత్రము దిగిపోవును.

మఱియు పగులు కాలువ వంటిదే గాని చెఱువు వంటిది కాదు. వాననీటిని దాచునది ముఖ్యముగ బండపైనున్న మెత్తని మొరపపొర. అది ఎండినచో ఎంత మంచి పగులైనను ఏమి తేగలదు? బోరు వేసిన దినము ఎగసిన నీటిని నమ్మి మిరప పెంచినవారు కాయ దిగు వేళ చిక్కుపడుటకు ఇదియే హేతువు.

కావున సభ్యులు వేసవిలో మోటారును ఎడతెగక నాలుగు గంటలు నడిపి, ఆపిన వెంటనే మట్టము ఎంత దిగినదో, మరల యథాస్థానమునకు ఎంతసేపటికి వచ్చినదో తాడుతో కొలిచి వ్రాసికొనవలెను. ఎకరముల నిర్ణయము ఆ అంకెను బట్టియే చేయవలెను. పొరుగువారి మోటారు నడుచుచుండగా మన బోరు ఆపి మట్టమును చూడవలెను. అదియు దిగుచున్నచో ఇరువురిదియు ఒకే పగులని యెఱిగి, ఇంకొక బోరు తలపెట్టక, తడులకు వంతులు వేసికొనవలెను.