ఒకే రోజు: యానాంలో ఒప్పందం, అల్జీరియాలో తుపాకీ

1954 నవంబరు 1న పాండిచ్చేరి, కారైక్కాల్, మాహేలతో పాటు మన గౌతమీ తీరంలోని యానాం పాలన ఫ్రాన్సు నుంచి భారతదేశం చేతికి వచ్చింది. సరిగ్గా ఆ రోజే అదే ఫ్రాన్సు మీద అల్జీరియా ముస్లింలు ఆయుధం పట్టారు.

యానాంలో అంతా ప్రశాంతంగా జరిగిందనలేం. ఆ ఏడాది జూన్ 13న ఇక్కడా ఘర్షణ జరిగింది. తర్వాతి వ్యవహారమంతా చర్చలతోనే నడిచి 1956 మే 28న ఒప్పందంపై సంతకాలయ్యాయి. ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకోదలచిన స్థానికులకు ఆరు నెలల గడువు కూడా ఇచ్చారు.

అల్జీరియా సంగతి వేరు. అక్కడ సుమారు 10 లక్షల మంది ఐరోపా వలసదారులుండేవారు. ఆ నేల తన సొంత గడ్డేనంది ఫ్రాన్సు. విమోచన సంస్థ ఎఫ్.ఎల్.ఎన్. కేఫుల్లో బాంబులు పెట్టింది. ఫ్రెంచి సైన్యం ఖైదీలను చిత్రహింసలు పెట్టింది. చివర్లో వలసవాదుల రహస్య ముఠా ఓ.ఏ.ఎస్. ముస్లింలను ఊచకోత కోసింది. ఉగ్రవాదులన్న ముద్ర మాత్రం అప్పట్లో ఎక్కువగా ఒక పక్షానికే పడింది. అయితే యుద్ధంలోనూ స్త్రీలను, పిల్లలను చంపరాదన్న దైవప్రవక్త (స) ఆదేశం మనవాళ్లు పెట్టిన బాంబుకూ వర్తిస్తుంది కదా!

భారత ప్రభుత్వానిది ఇరకాటం. 1955లో బాండుంగ్‌లో అల్జీరియా పక్షాన నిలిచింది గానీ, 1958లో ఏర్పడిన తాత్కాలిక ప్రభుత్వాన్ని వెంటనే గుర్తించలేదు. యానాం ఒప్పందానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం అప్పటికింకా రాలేదు మరి.

1962 జులై 5న అల్జీరియా స్వతంత్రమైంది. మరో 42 రోజులకు, ఆగస్టు 16న, యానాం ఒప్పందం అమల్లోకి వచ్చింది.