పాత సినిమాలో ఆ బస్సు ఏ ఊరిది?

హీరో కారు దిగి మేడ మెట్లెక్కుతుంటాడు. వెనకాల రోడ్డు మీద ఓ డబుల్ డెక్కర్ అలా వచ్చి ఇలా వెళ్లిపోతుంది. కథకు దానితో పనిలేదు. బస్సులంటే ప్రాణం పెట్టేవాళ్లు మాత్రం సినిమాను అక్కడే ఆపేస్తారు. ఏ కంపెనీది? ఏ ఊరిది? ఏ కాలానిది?

కుత్బుల్లాపూర్ వాళ్లకు ఇది ఎక్కడిదో ముచ్చట కాదు. జీడిమెట్ల డిపో మన ముంగిట్లోనే ఉంది. బాలానగర్ దాటితే వచ్చే సనత్‌నగర్‌లోనే ఆల్విన్ ఫ్యాక్టరీ ఉండేది. 1942లో పుట్టిన ఆ సంస్థ అనగానే అందరికీ ఫ్రిజ్జులు, చేతి గడియారాలు గుర్తొస్తాయి. బస్సులకు బాడీలు కట్టిందీ అదే.

మన సర్కారు బస్సుల కథ మాత్రం రైల్వేతో మొదలైంది. నిజాం ప్రభుత్వం 1930లో తన రాజ్యంలోని రైల్వేను ఇంగ్లిష్ కంపెనీ నుంచి కొనేసుకుంది. రెండేళ్లకు ఆ రైల్వేలోనే రోడ్డు రవాణా విభాగం మొదలైంది. 1932లో దాని బలం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి ఇప్పటికీ ఆర్టీసీ దగ్గర భద్రంగా ఉంది. ఆల్బియన్ కంపెనీది స్కాట్లాండులోని గ్లాస్గో. 1951లో లేలాండ్ దాన్ని కొనేసింది.

పాత ఆల్బియన్‌ను పట్టుకోవాలంటే ముందు రేడియేటర్ చూడాలి. దాని నెత్తిన ఉదయించే సూర్యుడి కిరణాలు తీర్చి ఉంటాయి. సూర్యోదయమంత ఖాయం అన్నది ఆ కంపెనీ నినాదం మరి. కిరణాలు లేకపోతే పేరు పలక కోసం వెతకాలి. డబుల్ డెక్కర్ అయితే డ్రైవరు గది చూడాలి. పాత బ్రిటిష్ బండ్లలో కుడివైపు డ్రైవరుకు ఓ చిన్న గది, పక్కన ఎడమవైపు ఇంజిను బానెట్ ఉంటాయి. ఎదురుగా చూస్తే బస్సు ముఖాన్ని సగం చెక్కేసినట్టు ఉంటుంది. వెనక తలుపు లేని ఎక్కుడు గట్టు, అక్కడి నుంచే పైకి మెట్లు. బాడీని మాత్రం నమ్మకూడదు. ఛాసిస్ సీమది, బాడీ ఇక్కడిది అయిన బండ్లెన్నో. కిటికీల వరస చూసి కంపెనీ తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే.

అసలు చిక్కు మద్రాసుతో వస్తుంది. అప్పట్లో మన సినిమాలు ఎక్కువగా తయారైంది అక్కడే. కథ హైదరాబాదులో జరుగుతున్నా కారు అద్దంలోంచి కనిపించే వీధి మద్రాసుది కావచ్చు. స్టూడియోలో కారు నిలబెట్టి, ముందే తీసిన వీధి దృశ్యాన్ని వెనక తెర మీద ఆడించేవారు. అందుకే నంబరు ప్లేటు దాకా వెళ్లాలి. ఎంఎస్‌సీ, ఎంఎస్‌ఎక్స్ అని ఉంటే మద్రాసు నగరం. ఏపీజడ్ అని కనిపిస్తే మన ఆర్టీసీ, 1956 తర్వాతి మాట. ఆ ‘జడ్’ నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తని ఊళ్లో చెప్పుకుంటారు. ఏపీఎస్‌ఆర్టీసీగా సంస్థ ఏర్పడింది 1958 జనవరి 11న.

బ్రిటిష్ ముద్ర ఒక్కరోజులో చెరిగిపోలేదు. మద్రాసు పక్కన ఎన్నూరులో 1948లో మొదలైన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. పేరులో సగం మనది, సగం ఇంగ్లండుది. మన రోడ్ల మీద తిరిగిన లేలాండ్ బండ్లను సీమ సరుకో, ఎన్నూరు సరుకో ఒక్క చూపులో తేల్చలేం.

కె.బి. తిలక్ తీసిన ‘ఎం.ఎల్.ఎ.’ 1957లో వచ్చింది. భాగ్యనగరాన్ని చూపించే పాట ఉన్న సినిమా అది. ఇలాంటి అవుట్‌డోర్ దృశ్యాలే మన రోడ్లకు మిగిలిన అరుదైన సాక్ష్యం. పాటలో హీరోయిన్ చీర గురించి మాట్లాడుకున్నంతగా, వెనక సాగిపోయే వాహనాల గురించి మనం మాట్లాడుకోలేదు. అది లోటే. సికింద్రాబాద్ నుంచి ట్యాంక్‌బండ్ మీదుగా అఫ్జల్‌గంజ్ వెళ్లే ఏడో నంబరు డబుల్ డెక్కర్ మేడ మీద, ముందు సీటు కోసం పోటీపడిన తరం ఇంకా మన మధ్యే ఉంది. 2023 ఫిబ్రవరిలో నగరానికి కరెంటు డబుల్ డెక్కర్లు వచ్చాయి. వాటిని చూసి పాతవి గుర్తుచేసుకున్నదీ ఆ తరమే.

చింతల్, జీడిమెట్ల, మేడ్చల్ ఇళ్లలో రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు ఉన్నారు. మీ నాన్న బస్సు ముందు నిలబడి దిగిన ఫొటో బీరువాలో ఉంటే బయటికి తీయండి. ఆయన్నే అడిగి, దాని వెనక డిపో పేరు, ఏడాది, బండి నంబరు ఈ ఆదివారమే రాసిపెట్టండి.