ఆరుబయట వంట: ఒక క్యాంపు నేర్పిన పాఠం

సెలవులు వచ్చాయంటే మన సంఘాల్లోని యౌవనస్థులు క్యాంపుకు బయలుదేరతారు. పాటలు ఎవరు నేర్పాలి, ఆటలు ఎవరు ఆడించాలి అని నెల ముందే పంచుకుంటారు. వంట సంగతి వచ్చేసరికి మాత్రం "అక్కడికి వెళ్లాక చూసుకుందాం" అంటారు. మేమూ ఒకప్పుడు అలాగే అన్నాము.

2016 జనవరిలో నలభైమందితో మారేడుమిల్లి వైపు మూడు రోజుల క్యాంపుకు వెళ్లాము. తెలిసినవారి తోటలో దిగాము. మొదటి రాత్రి సగం గుండిగ అన్నం మిగిలిపోయింది. పారవేయడానికి మనసొప్పక, ఆ కొండ చలికి గట్టిపడకుండా ఉంటుందని గుండిగను నివురు మీదనే ఉంచి మూతపెట్టి పడుకున్నాము. తెల్లవారి దానిలో నిమ్మరసం పిండి, పోపు వేసి పులిహోర చేశాము. పది గంటల ఆరాధనలో ఒక పిల్లవాడు లేచి బయటికి పరుగెత్తాడు. మధ్యాహ్నానికి తొమ్మిదిమందికి వాంతులు. జీపు మాట్లాడి ఆసుపత్రికి తీసుకువెళ్లాము. దేవుని దయవలన సాయంత్రానికి అందరూ తేరుకున్నారు. కాని తల్లిదండ్రులకు ఫోను చేసినప్పుడు మా గొంతు పెగలలేదు. మమ్మల్ని నమ్మి కదా వారు పిల్లలను పంపారు!

డాక్టరుగారు కారణం చెప్పారు. బియ్యంలో ఉండే ఒక సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవట. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే అవి పెరిగి విషాన్ని వదులుతాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. "ఇంట్లో చద్దన్నం తిని పెరిగినవాళ్లమే కదండీ" అన్నాము. "ఇంట్లో మిగిలేది నాలుగు ముద్దలు, అది త్వరగా చల్లారుతుంది. మీరు గుండిగెడు అన్నాన్ని రాత్రంతా నులివెచ్చగా కాపాడారు" అన్నారాయన. అప్పటినుండి మేము పాటిస్తున్న పద్ధతులు ఇవి.

లెక్క

కిలో బియ్యం ఏడెనిమిదిమందికి సరిపోతుంది. నలభైమందికి పూటకు ఐదారు కిలోల బియ్యం, రెండు కిలోల కందిపప్పు చాలు. ఒక్కొక్క పూటకు కావలసిన బియ్యం, పప్పు, ఉప్పు, కారం, పోపుదినుసులు ఒకే సంచిలో కట్టి, ఏ పూటదో పైన రాసుకోవాలి. అగ్గిపెట్టెలు తడవకుండా పాలిథిన్ కవరులో చుట్టాలి.

నీళ్లు

వాగు నీరు అద్దంలా తేటగా ఉన్నా నమ్మరాదు. గుడ్డలో వడగట్టి, తెర్లిన తరువాత ఒక నిమిషమైనా మరగనిచ్చి, చల్లార్చి తాగాలి. వంట చేసేవారికి, వడ్డించేవారికి సబ్బు అందుబాటులో ఉంచాలి.

పొయ్యి

రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం చట్టరీత్యా నేరం. అనుమతి ఉన్న చోటనే, చుట్టూ ఎండుటాకులు ఊడ్చిన తరువాతే పొయ్యి పెట్టాలి. వాగులోనుండి తీసిన తడి రాళ్లు వేడికి చిట్లి ఎగురుతాయి, గట్టు మీది ఎండు రాళ్లే వాడాలి. గన్నేరు కొమ్మలు విషం, వాటిని పొయ్యిలో పెట్టరాదు, పుల్లలుగా కూరకు తగలనీయరాదు. గిన్నె అడుగుకు బయట తడిమట్టి పూస్తే మసి సులువుగా వదులుతుంది. ఇది మన అమ్మమ్మల తెలివి.

ఏమి వండాలి?

మాంసం తీసుకువెళ్తే మొదటి పూటే వండాలి. తరువాత పప్పు, గుడ్లు, బంగాళాదుంపలు, ఎండుచేపలు, ఆవకాయ చాలు. ఆ కొండల్లో బొంగులో కోడికూర చేస్తారు. మసాలా పట్టించిన ముక్కలను పచ్చి వెదురుబొంగులో కూరి, మూతిని ఆకులతో బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. చుక్క నూనె అక్కరలేదు, బొంగులోని తేమతోనే ముక్క ఉడుకుతుంది. కోడిని ఆ పూటకు ఆ పూటే కోయించాలి, ముక్క ఎముక దాకా ఉడికిందో లేదో చూడాలి.

మిగిలితే?

వండిన అన్నం, కూర రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. కాస్త తక్కువ వండి, చాలకపోతే మళ్లీ ఎసరు పెట్టడం మేలు. చివరిగా నిప్పుల మీద నీళ్లు పోసి, కలియబెట్టి, బూడిద చల్లబడేవరకు కదలరాదు.

మరొక మాట. ఆ మొదటి క్యాంపులో వంటంతా ఆడపిల్లల మీదనే వేశాము. వారు పొగలో కళ్లు తుడుచుకుంటుంటే మగపిల్లలు బంతాట ఆడారు. 2018లో మళ్లీ వెళ్లినప్పుడు వంతులు వేశాము. అందరికంటె ముందు వంటకు పేరిచ్చినవాడు ఎవరనుకున్నారు? ఆనాడు ఆరాధనలోనుండి పరుగెత్తిన పిల్లవాడే. పూట పూటకూ గుండిగలోకి తొంగిచూసి, "అయ్యగారూ, ఏమీ మిగల్లేదండీ" అని కేకవేసేవాడు.

రాత్రంతా వలలు వేసి అలసిన శిష్యులకొరకు తిబెరియ సముద్రతీరాన నిప్పులు వేసి, చేపలు కాల్చి ఉంచినవాడు మన ప్రభువే. ఆయన చేసిన పని మనకు చిన్నదెలా అవుతుంది? ఈసారి క్యాంపుకు వెళ్లేముందు పాటల పుస్తకాలతోపాటు వంట సామాను జాబితా కూడా సిద్ధం చేసుకోండి.